పాదాల చదువు చదివేవాళ్లకు గది లేదట

ఈరోజు పొద్దున్నే ఎడిన్‌బరో నుంచి ఒక మెసేజ్ వచ్చింది. "సారీ అమ్మా, రూము వేరేవాళ్లకు ఇచ్చేసినం, ఏమనుకోకు" అని. ఏమనుకోవద్దన్నారు కాబట్టి, అనుకోవలసినవన్నీ ఇక్కడ కూర్చుని తీరిగ్గా అనుకుంటున్నాను. పంపినవారు మన తెలుగువారే, మన వైపువారే. పేరు మాత్రం రాయను. రాస్తే సాయంత్రానికల్లా ఆయన మేనమామో చిన్నాయనో మా నాన్నకు ఫోన్ చేసి "పిల్లకు జెర చెప్పరాదే" అంటారు. మన దగ్గర చుట్టరికం అన్నిటికీ పనికొస్తుంది, ఒక్క గదికి తప్ప.

కొత్తగా చదువుతున్నవారి కోసం రెండు ముక్కలు. నేను హన్మకొండలో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తూ స్కాట్లండ్‌లో రెండేళ్ల పోడియాట్రీ ఎమ్మెస్సీకి సీటు తెచ్చుకున్నాను. చదవబోయేది మసల్‌బరోలో. ఎడిన్‌బరోకు తూర్పున సముద్రపు ఒడ్డునున్న చిన్న పట్టణం అది. పోడియాట్రీ అంటే పాదానికీ చీలమండకూ వైద్యం చేసే చదువు. బ్రిటన్‌లో హెచ్‌సీపీసీ అనే నియంత్రణ సంస్థలో పేరు నమోదు కానివారెవరూ పోడియాట్రిస్టునని చెప్పుకోవడానికి వీల్లేదు. చెప్పుకుంటే చట్టరీత్యా నేరం. అంత పట్టింపు ఉన్న చదువు. కానీ ఈరోజు పొద్దున నాకు గది పోయింది ఆ చదువు వల్లనే.

ఎలా పోయిందో చెబుతాను. పోయిన వారం వీడియో కాల్‌లో ఆయన గది చూపించారు. ఒక మంచం, ఒక కిటికీ, గోడకు హీటరు, వంటగదిలో నాకంటూ ఒక అర. బాగుందన్నాను. ప్రశ్నలు మొదలయ్యాయి. ఊరు అడిగారు, హన్మకొండ అన్నాను, "అరే, మా అమ్మోళ్లు హుజూరాబాద్‌లనే ఉంటరు" అని సంబరపడ్డారు. ఇంటిపేరు అడిగారు, చెప్పాను. కాసేపు ఆగి "అంటే... మీరెవలమ్మా?" అన్నారు. ఆ ప్రశ్నకు ఎవరు ఏ జవాబు కోరతారో మీకూ తెలుసు, నాకూ తెలుసు. వినపడనట్టు కిటికీ ఏ దిక్కున ఉందని అడిగాను. అప్పుడు చదువు గురించి అడిగారు. పాదాల వైద్యమనగానే ముఖం వెలిగిపోయింది! ఎందుకంటే హుజూరాబాద్‌లో వాళ్లమ్మకు పదిహేనేళ్లుగా షుగరట, అరికాళ్ల మంటలట, తిమ్మిర్లట, రాత్రుళ్లు నిద్రలేదట, ఏం చెయ్యాలట.

నేను చెప్పాను. దాదాపు అరగంట చెప్పాను. మంటలు తగ్గి మొద్దుబారడం మొదలైతే నయమైందని సంతోషించవద్దని, అసలు ప్రమాదం అప్పుడేనని చెప్పాను. పది గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగుతో అరికాలి మీద స్పర్శ ఎక్కడెక్కడ పోయిందో పరీక్ష చేయించమన్నాను. రోజూ పడుకునే ముందు అరికాలి కింద అద్దం పెట్టి చూసుకోవాలని, వేళ్ల సందులు పొడిగా తుడవాలని, చెప్పులు వేసుకునే ముందు లోపల చెయ్యి పెట్టి తడమాలని, వేడినీళ్ల బకెట్‌లో కాళ్లు పెట్టవద్దని, ఆనెకాయలను బ్లేడుతో కోసుకోవద్దని చెప్పాను. వాళ్లావిడ పక్కన కూర్చుని కాగితం మీద రాసుకున్నారు. అమ్మ పాదం ఫోటో పంపితే చూసి, బొటనవేలి కిందనున్న ఆనెకాయ చుట్టూ నల్లదనం కనిపిస్తోందని, వరంగల్ తీసుకెళ్లి ఈ వారమే చూపించమని కూడా చెప్పాను. చూపించారట, మంచి పని చేశారు. నిన్నటి వరకు గది నాదే.

ఆ తర్వాత ఇంట్లో ఏం చర్చ జరిగిందో గానీ, ఈ పొద్దున మెసేజ్ వచ్చాక నేనే ఫోన్ చేస్తే వాళ్లావిడ తీశారు. "అది కాదమ్మా, నీ చదువు పుండ్లు, చీము, అదంత కదా, క్లినిక్ నుంచి సీదా ఇంటికొస్తవు, మా ఇంట్ల చిన్న పిల్లలున్నరు" అన్నారు. గది ఎవరికిచ్చారని అడిగితే, ఐటీ అబ్బాయికట. అత్తగారి పాదానికి నా కళ్లు పనికొచ్చాయి, ఆ కళ్లున్న మనిషి మాత్రం వాళ్ల ఇంట్లో నిద్రపోకూడదు. క్లినిక్‌లో తొడుగులుంటాయని, పనిముట్లను ఆవిరి యంత్రంలో శుద్ధి చేస్తారని, హెపటైటిస్ బి టీకా వేయించుకోమంటారని చెబుదామనుకున్నాను. చెప్పలేదు. ఎందుకు చెప్పాలి? ఆ ఐటీ అబ్బాయి కీబోర్డును ఎవరైనా శుద్ధి చేస్తారా అని అడగాలనిపించింది, అదీ అడగలేదు.

"ఒక్క గది పోతే ఇంత ఏడుపా, ఇంకొకటి వెతుక్కో" అని కింద రాయబోయేవారికి ముందే మనవి. అక్కడ ఇల్లు వెతకడమంటే నయీంనగర్‌లో బండి మీద తిరుగుతూ టు-లెట్ బోర్డులు చదవడం కాదు. ఎడిన్‌బరో నగర కౌన్సిల్ 2023 నవంబరులోనే ఇళ్ల కొరతను అత్యవసర పరిస్థితిగా ప్రకటించింది. మీదుమిక్కిలి ఆగస్టు నెలంతా అక్కడ 1947 నుంచి జరుగుతున్న నాటకోత్సవాలు. నెల అద్దెకిచ్చే గదిని రోజుల లెక్కన ఇస్తే ఎంత వస్తుందో యజమానులకు బాగా తెలుసు. చదువుకునే పిల్లలు గదుల కోసం తిరిగేదీ సరిగ్గా ఆ రోజుల్లోనే. ముగ్గురు స్నేహితులు కలిసి ఒక ఫ్లాట్ తీసుకుందామంటే, చుట్టరికం లేని ముగ్గురున్న ఇంటికి యజమాని ప్రత్యేక లైసెన్సు తీసుకోవాలి. ఆ బాధ పడేవాళ్లు తక్కువ. చట్టం మంచిదే, కాదనను. అక్కడ అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదు, ఆ సొమ్మును యజమాని తన జేబులో కాకుండా ప్రభుత్వం ఆమోదించిన పథకంలో జమచెయ్యాలి, ఏజెంటు ఫీజులు అడగకూడదు. (ఈ వాక్యాన్ని హన్మకొండ ఇంటి ఓనర్లు ఎవరూ చదవరని నాకు తెలుసు.)

కానీ బ్రిటన్‌లో జీతం సంపాదించే హామీదారు ఒకరు సంతకం పెట్టాలంటారు. లేకపోతే ఆరు నెలల అద్దె ముందే కట్టమంటారు. నాకు హామీదారు ఎవరు? మా నాన్న పరకాలలో ఉంటారు. సరే, ఆరు నెలలదీ కడదామంటే, వీసాకు తొమ్మిది నెలల ఖర్చు డబ్బు బ్యాంకు ఖాతాలో వరుసగా 28 రోజులు కదలకుండా ఉండాలి. ఒక్కరోజు తగ్గినా దరఖాస్తు తిరస్కరించవచ్చు. విశ్వవిద్యాలయం హాస్టలుకు కట్టిన సొమ్మయితే అందులో కొంత మినహాయిస్తారు గానీ బయటి ఇంటి యజమానికి కట్టినది లెక్కలోకే రాదు. అంటే డబ్బు కదిలితే వీసా లేదు, కదలకపోతే గది లేదు. దీనికితోడు ఏడాదికి 776 పౌండ్ల చొప్పున ఆరోగ్య రుసుము ముందే కట్టాలి. పైగా ఇల్లు కళ్లతో చూడకుండా ఎవరికీ పైసా పంపవద్దని, మోసాలు జరుగుతాయని తెలిసినవాళ్లంతా హెచ్చరిస్తారు. హన్మకొండలో కూర్చుని మసల్‌బరోలో ఇల్లెలా చూడాలి? అందుకే మనవాళ్ల దగ్గరకు పోతాం. మనవాళ్లన్న ధైర్యంతో పోతాం. హామీదారు అక్కర్లేదు, ఆరు నెలలది అక్కర్లేదు, పప్పు వండుకుంటే వాసనని ఎవరూ అనరు. ఆ ఒక్క ధైర్యం ఖరీదే "మీరెవలమ్మా?"

ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. డిగ్రీ రోజుల్లో నయీంనగర్‌లో ఉన్న ఇంటి ఓనరమ్మ మెట్ల మీద నిలబెట్టి ఇదే అడిగారు. అప్పుడు చిన్నదాన్ని, భయపడి నిజం చెప్పాను. "మాకేం పట్టింపుల్లేవు గానీ నీచు వండొద్దు, బోరు దగ్గరికి మీరు రావొద్దు, మేమే మోటరేస్తం" అన్నారు. పట్టింపులు లేనివారి షరతులు అవి! ఆదివారం వస్తే మాత్రం "బిడ్డా, మోకాళ్లు గుంజుతున్నయి, జెర చూడరాదు" అని పిలిచేవారు. బోరు స్విచ్చు ముట్టకూడని చేతులు మోకాలి చిప్పను ముట్టవచ్చు. రెండేళ్లు వ్యాయామాలు చేయించాను, ఫీజు అడగలేదు, ఖాళీ చేసేటప్పుడు సున్నానికని నెల అద్దె పట్టుకున్నారు. ఎడిన్‌బరో ఆయనకూ ఈ ఓనరమ్మకూ చుట్టరికం లేదు, ఉంటే నాకు ఆశ్చర్యమూ లేదు.

మా పిన్ని సంగతి సరేసరి. "ఎంబీబీఎస్ రాకపాయె, ఫిజియో అన్నవ్, సరే అన్నం. ఇప్పుడు పోయి పోయి మంది కాళ్లు పట్టే చదువేందే?" అంది. సీటు కోసం వెళ్లిన కన్సల్టెన్సీలో కూర్చున్న పిల్లవాడు కూడా డేటా కోర్సో పబ్లిక్ హెల్తో తీసుకోమని గంటసేపు బతిమాలాడు. గుండె చూస్తే దేవుడు, కన్ను చూస్తే మహానుభావుడు, పాదం చూస్తే "కాళ్లు పట్టడం". నేను ఇంతకాలం ఇవి రెండు వేరువేరు అవమానాలనుకునేదాన్ని, చదువుకొకటి, పుట్టుకకొకటి. కాదు. పాదమూ చెప్పూ తోలూ పుండూ ముట్టేవారిని గుమ్మం బయట నిలబెట్టిన ఊళ్లే ఇవి. ఇంటిపేరు అడిగి ఆగిన ఆ మనిషికి పుండు అన్న మాట మంచి సాకుగా దొరికింది.

మరి ఆ పుండు ఎవరిదండీ? ఇంటర్న్‌షిప్‌లో నేను చూసిన ఒక పెద్దమనిషి గోవిందరావుపేట వైపు రైతు. ఆయన చెప్పు తిరగేసి చూశాను. అడుగున దిగిన మేకు తల నేలకు రాసుకుని రాసుకుని అరిగి మెరుస్తోంది. అంటే అది దిగి ఒక్కరోజు కాలేదు. మొన పైకి వచ్చిన చోట రబ్బరు నల్లబడి గట్టిపడి ఉంది. ఆ మేకు మీదే ఆయన పొలానికి పోయాడు, సంతకు పోయాడు, గుడి చుట్టూ తిరిగాడు. నొప్పి లేదు. నొప్పి లేకపోవడమే ఆయన రోగం. ఇంట్లో వాసన వచ్చేదాకా ఎవరికీ తెలియదు. మొదట బొటనవేలు తీశారు, తర్వాత మోకాలి కిందికి తీశారు, ఆ తర్వాత కర్రలతో నడక నేర్పమని మా దగ్గరకు పంపారు. కాలు పోయాక నడక నేర్పడానికి మేమున్నాం. పోకముందు ఆ చెప్పును తిరగేసి చూసే మనిషి లేడు. నేను ఆ మనిషినవుదామని పోతుంటే, పిల్లలున్నారు రావద్దంటున్నారు.

మన నేలకు ఇది తెలియని విద్య కూడా కాదు. 1915లోనే నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో మిషనరీలైన కెర్ దంపతులు, రాజా నర్సాగౌడ్ విరాళంతో కుష్ఠు ఆసుపత్రి కట్టి, స్పర్శ లేని పాదాలను కడిగి కట్టు కట్టారు. వెల్లూరులో డాక్టర్ పాల్ బ్రాండ్, కుష్ఠు రోగి వేళ్లు పోయేది ఎక్కువగా నొప్పి తెలియక పడే గాయాల వల్లనేనని పనిచేసి చూపించి, తర్వాత అమెరికాలో అదే పాఠాన్ని షుగరు పాదాలకు వర్తింపజేశారు. 2021లో మన పార్లమెంటు అనుబంధ వైద్య వృత్తుల మీద చేసిన చట్టంలోని పట్టికలో పోడియాట్రిస్టు అన్న వృత్తి పేరు కూడా ఉంది. పట్టికలో ఉంది. హన్మకొండలో ఆ బోర్డు ఎక్కడుందో ఎవరైనా చూపిస్తే వీసా ఫీజు మిగిలినందుకు అక్కడే సాష్టాంగపడతాను.

ఎడిన్‌బరో పెద్దమనిషి మళ్లీ మధ్యాహ్నం మెసేజ్ పెట్టారు, గది గురించేమోనని ఆత్రంగా తెరిచాను. అమ్మ పాదం కొత్త ఫోటో పంపారు. "డాక్టర్ ఈ ఆయింట్‌మెంట్ ఇచ్చిండు, రాయొచ్చా?" అట. నల్లదనం తగ్గలేదు. అంచున కొంచెం తడి కనిపిస్తోంది. ఆయింట్‌మెంట్ సరిపోదని, ఆ కాలి మీద బరువు పడకుండా చూడమని, రేపే సర్జన్‌కు చూపించి గట్టిపడిన చర్మం తీయించమని జవాబు రాశాను. ఆమె ఏం చేసింది పాపం.

ఇక నాకు కావలసింది ఇది: మసల్‌బరోలో గానీ, అక్కడికి రైలో బస్సో నేరుగా ఉండే ఎడిన్‌బరో తూర్పు వైపున గానీ, ఒక అమ్మాయికి ఒక గది, ఆగస్టు చివరి నుంచి. అద్దె నెలనెలా ఇస్తాను, చికెన్ వండుతాను, సాయంత్రం క్లినిక్ నుంచి నేరుగా ఇంటికే వస్తాను. తెలిసినవారు ఇన్‌బాక్స్‌లో రాయండి. ఇంటిపేరు తెలుసుకోవాలనుకునేవారు మాత్రం ఆ శ్రమ పెట్టుకోవద్దు.