రేగడిలో రాడార్‌కు చూపు ఆనదు

నేల కింద ఏముందో తెలుసుకోవాలనే ఆత్రం సీమకు కొత్త కాదు. అనంతపురం రైతుకు నీళ్లు కావాలి. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో వజ్రాల కోసం జనం వంగి వెతుకుతారు. పాత కోట, పాడుబడ్డ గుడి కనిపిస్తే చాలు, గుప్తనిధుల ముఠా ఒకటి రాత్రికి రాత్రి గునపాలతో దిగుతుంది. ఇప్పుడు ఈ మూడు ఆశలకూ ఒకటే మందు ఉందన్నట్టు ప్రచారం నడుస్తోంది. దాని పేరు గ్రౌండ్ పెనెట్రేటింగ్ రాడార్, పొట్టిగా జీపీఆర్. 2025 ఫిబ్రవరిలో శ్రీశైలం ఎడమగట్టు సొరంగం కూలి ఎనిమిది మంది చిక్కుకున్నప్పుడు, ఆగస్టులో కర్ణాటకలోని ధర్మస్థలలో పూడ్చిన శవాల కోసం ప్రత్యేక దర్యాప్తు బృందం (సిట్) డ్రోన్‌కు దాన్ని కట్టి వెతికినప్పుడు ఆ మాట ఇంటింటికీ చేరింది. ఈ యంత్రం మనకు కావాల్సిందే. కాకపోతే మనం ఆశపడుతున్న ఆ మూడు పనులకు మాత్రం కాదు.

అది ఎలా పనిచేస్తుందో తెలిస్తే సగం భ్రమ అక్కడే తొలగిపోతుంది. చక్రాల బండి మీద ఉన్న యాంటెన్నా నేలలోకి రేడియో తరంగాలను చిన్న చిన్న పల్స్‌లుగా పంపుతుంది. విద్యుత్ స్వభావం మారిన చోటల్లా వాటిలో కొంత భాగం వెనక్కి వస్తుంది. ఆ స్వభావాన్ని ఒక అంకెతో కొలుస్తారు. గాలికి అది 1, పొడి రాతికి సుమారు 5, నీటికి 80. రెండు పొరల మధ్య తేడా ఎంత ఎక్కువ ఉంటే ప్రతిధ్వని అంత గట్టిగా వస్తుంది. తెర మీద కనిపించేది ఫొటో కాదు. నేలలో పైపు అడ్డంగా ఉంటే బోర్లించిన మూకుడు ఆకారంలో ఒక గీత వస్తుంది. గుండ్రాయి ఉన్నా దాదాపు అలాంటి గీతే వస్తుంది. లోపల ఏదో తేడా ఉందని మాత్రమే రాడార్ చెబుతుంది, అదేమిటో చెప్పదు.

లోతు విషయం ఇంకా చిక్కు. తరంగం వెళ్లి రావడానికి ఎన్ని నానోసెకన్లు పట్టిందన్నది ఒక్కటే యంత్రం కొలుస్తుంది. దాన్ని మీటర్లలోకి మార్చాలంటే నేలలో తరంగం ఎంత వేగంతో నడుస్తుందో తెలియాలి. బాగా ఎండిన నేలలో నానోసెకనుకు 15 సెంటీమీటర్లు నడిచేది, తడి నేలలో అందులో సగం కూడా నడవకపోవచ్చు. పొడి నేల లెక్కనే తడి నేలకూ వాడేస్తే రెండు మీటర్ల లోతున ఉన్నది నాలుగు మీటర్లలో ఉన్నట్టు కనిపిస్తుంది. అందుకే నేల తెలియకుండా యంత్రాన్ని నడిపేవాడి మాట నమ్మి జేసీబీ పిలవకూడదు.

మన దగ్గర అసలు చిక్కు నేలతోనే. కర్నూలు, నంద్యాల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు వైపు విస్తారంగా ఉన్నది నల్లరేగడి. అందులోని బంకమట్టి తేమను పట్టుకుంటుంది, విద్యుత్తును బాగా ప్రవహింపజేస్తుంది. అలాంటి నేలలో రాడార్ తరంగం ఒక మీటరు దిగేసరికే చచ్చిపోవచ్చు. వాన పడ్డాకైతే అంత కూడా పోదు. సౌడు నేలల్లోనూ అదే కథ. అనంతపురం ఎర్ర గరపనేల, కింద ఉన్న గ్రానైట్ ఎంతో నయం. పొడి గ్రానైట్‌లో, పగుళ్లు లేని సున్నపురాతిలో తక్కువ ఫ్రీక్వెన్సీ యాంటెన్నాతో పది ఇరవై మీటర్లు, అంతకంటే ఎక్కువా చూడొచ్చు. కానీ ఫ్రీక్వెన్సీ తగ్గిస్తే చిన్న వస్తువులు కనిపించవు, పెంచితే లోతు పోతుంది. రెండూ కావాలంటే కుదరదు.

ఇప్పుడు నీళ్ల సంగతి చూద్దాం. అనంతపురంలో వెయ్యి అడుగులు దాటిన బోర్లున్నాయి. వెయ్యి అడుగులంటే సుమారు 300 మీటర్లు. మన నేలలో అంత లోతున ఉన్న నీటి పగులును నేల మీద తిప్పే రాడార్ చూపించలేదు. ల్యాప్‌టాప్‌లో రంగు రంగుల బొమ్మ చూపించి ‘రాడార్ పాయింట్’ పేరుతో డబ్బు అడిగితే, అడిగేవాడికి తెలియకపోయినా ఉండాలి, తెలిసి మోసమైనా చేస్తుండాలి. టెంకాయ పట్టుకుని పాయింట్ పెట్టేవాడు కనీసం సైన్సు పేరు వాడుకోడు. భూగర్భ జలాల శాఖ వాళ్లు, జియాలజిస్టులు ఎన్నో ఏళ్లుగా వాడుతున్నది రెసిస్టివిటీ పద్ధతి. నేలలోకి కరెంటు పంపి, నిరోధాన్ని కొలిచి, పగుళ్లున్న పొర ఎక్కడుందో అంచనా వేస్తారు. అది కూడా అంచనాయే, గ్యారంటీ కాదు. కానీ ఆ లోతుకు తగిన అంచనా అది.

నిధుల విషయంలో నష్టం ఇంకా పెద్దది. 2017 డిసెంబరులో తుగ్గలి మండలం చెన్నంపల్లి కోటలో ప్రభుత్వ అనుమతితోనే నిధి కోసం తవ్వకాలు మొదలయ్యాయి. ఊరివాళ్లు అడ్డం తిరిగారు, రాష్ట్రమంతా చర్చ జరిగింది. బయటపడ్డవి ఇటుకలు, ఎముకలు. నిధి లేదు. లోహం రాడార్‌కు బాగా తగులుతుంది, నిజమే. అయితే బంగారపు బిందెకూ తుప్పు పట్టిన ఇనుప తొట్టికీ తేడా దానికి తెలియదు. వజ్రం మాట అసలే వద్దు. 400 మెగాహెర్ట్జ్ యాంటెన్నాకు మామూలు నేలలో తరంగదైర్ఘ్యం 25 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. అందులో నాలుగో వంతు, అంటే ఆరేడు సెంటీమీటర్ల కంటే సన్నని తేడాలను అది విడదీసి చూపలేదు. శనగగింజంత రాయిని ఏం పట్టుకుంటుంది? ఇక నేలలో దొరికిన పది రూపాయలు దాటిన నిధిని కలెక్టర్‌కు చెప్పాలని 1878 నాటి చట్టమే ఉంది. నిధుల స్కానర్లు అమ్మేవాళ్లు ఆ సంగతి ఎత్తరు.

శ్రీశైలం సొరంగం దగ్గర కూడా టీవీలు పెంచిన ఆశ వేరు, యంత్రం ఇవ్వగలిగింది వేరు. బురద, నీరు, సొరంగం తొలిచే మెషిన్ ముక్కలైన ఇనుము కలగలిసిన చోట రాడార్‌కు ప్రతిదీ ఒక తేడాయే. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) నిపుణులు కొన్ని చోట్లు గుర్తించారు. ఆ చోట్ల తవ్వితే లోహపు ముక్కలు బయటపడ్డాయని అప్పట్లో వార్తలొచ్చాయి. తర్వాత కేరళ నుంచి శవాలను పసిగట్టే కుక్కలను రప్పించారు. ఇందులో శాస్త్రవేత్తల తప్పేం లేదు. అనుమానించిన చోటును మన తొందరలో ‘దొరికిన చోటు’గా ప్రకటించేశాం. అయోధ్యలో రాడార్ సర్వేలో తేడాలు కనిపించాయని అలహాబాద్ హైకోర్టు అక్కడితో ఆగలేదు, 2003లో తవ్వి చూడమని ఆదేశించింది. కోర్టు దృష్టిలో కూడా తెర మీది గీతలు రుజువు కాదు.

మరి ఎక్కడ వాడాలి? నన్నడిగితే మొదట కడపలో. 2015 చివర్లో భారీ వర్షాల తర్వాత చింతకొమ్మదిన్నె మండలంలోని గ్రామాల్లో నేల ఉన్నట్టుండి కుంగి పెద్ద గుంతలు పడ్డాయి. జనం ఇళ్లలో నిద్రపోవడానికి భయపడ్డారు. కారణం కింద ఉన్న సున్నపురాయి. వాన నీటికి అది మెల్లగా కరిగి లోపల బోలు ఏర్పడుతుంది. బోర్లతో నీటిమట్టం పడిపోయినప్పుడు పైనున్న మట్టికి ఆసరా పోతుంది. ఒక్కసారిగా కురిసిన వానకు ఆ మట్టి లోపలికి జారుతుంది. ఇదే జాతి రాతిలో నీరు తొలిచిన బెలుం గుహలు మూడు కిలోమీటర్లకు పైగా సాగుతాయి. ఒకప్పటి కర్నూలు, ఇప్పటి నంద్యాల జిల్లాలోని ఆ గుహలను టిక్కెట్టు కొని చూసొస్తాం. అలాంటి బోలు ఇంకెక్కడ, ఎవరి ఇంటి కింద ఉందో మాత్రం పట్టించుకోం.

రాతికీ గాలికీ తేడా ఎక్కువ కాబట్టి పైపొర పల్చగా, పొడిగా ఉన్న చోట ఇలాంటి బోలును రాడార్ బాగా పడుతుంది. బోలులో బంకమట్టి నిండినా, పైన మందంగా రేగడి ఉన్నా పట్టదు. అక్కడ రెసిస్టివిటీ సర్వేను, గురుత్వాకర్షణలో అతిచిన్న తేడాలను కొలిచే మైక్రోగ్రావిటీ సర్వేను జోడించాలి. కొత్త కాలనీకి లేఅవుట్ అనుమతి ఇచ్చేముందు, రోడ్డు వేసేముందు సున్నపురాతి ప్రాంతంలో ఈ పరీక్ష తప్పనిసరి చేస్తే అయ్యే ఖర్చు ఒక ఇల్లు కుంగితే వచ్చే నష్టం ముందు ఎంత?

రెండోది పట్టణ వీధులు. డ్రైనేజీ కోసం తవ్వి తాగునీటి పైపు తెంచడం, కేబుల్ కోసం తవ్వి డ్రైనేజీ పగలగొట్టడం మనకు అలవాటైపోయింది. తవ్వేముందు సమాచారం ఇచ్చిపుచ్చుకోవడానికి కేంద్రం 2023లో ‘కాల్ బిఫోర్ యూ డిగ్’ యాప్ తెచ్చింది. కానీ పాత పైపులకు మ్యాపులే లేని ఊళ్లో యాప్ ఏం చెబుతుంది? అనంతపురం లాంటి గరపనేల పట్టణంలో ఒకటి రెండు మీటర్ల లోతు పైపులను రాడార్‌తో గుర్తించి మ్యాపు చేయొచ్చు.

చరిత్ర పరిశోధనకూ ఇది పనికొస్తుంది. కర్నూలు కొండారెడ్డి బురుజు నుంచి తుంగభద్ర కింద సొరంగం ఉందని చిన్నప్పటి నుంచి వింటున్నాం. నది అవతలి దాకా తేల్చడం రాడార్ వల్ల కాదు గానీ బురుజు చుట్టుపక్కల పూడిన కట్టడం ఏమైనా ఉందేమో ఒక్క ఇటుక కదపకుండా చూడొచ్చు. జొన్నగిరే అశోకుడి నాటి సువర్ణగిరి అని పలువురు చరిత్రకారులు భావిస్తారు. అక్కడ పురావస్తు తవ్వకానికి కందకం ఎక్కడ వేయాలో ముందే తెలిస్తే ఇష్టమొచ్చిన చోటల్లా తవ్వే పని తప్పుతుంది.

ఈ పనులు చేయించే అధికారులు టెండరులో కొన్ని షరతులు రాయాలి. ఆ నేలలో రాడార్ ఎంత లోతు చూడగలదో సర్వేకు ముందే రాతపూర్వకంగా తీసుకోవాలి. ఒకచోట పరీక్ష గుంత తవ్వి తరంగ వేగాన్ని సరిచూడాలి. రంగుల బొమ్మలతో సరిపెట్టకుండా ముడి డేటా మొత్తం అప్పగించాలి, దాన్ని కడప యోగి వేమన విశ్వవిద్యాలయ భూవిజ్ఞాన విభాగం లాంటి చోట మరొకరు చదివి చూడాలి. సర్వే ఏప్రిల్, మే నెలల్లో నేల ఎండినప్పుడే జరగాలి. చింతకొమ్మదిన్నె లాంటి చోట్ల అవే లైన్ల మీద మరుసటి ఎండాకాలం మళ్లీ యంత్రం నడిపి, మధ్యలో కురిసిన వానలకు లోపల ఏం మారిందో పోల్చాలి. ఆ రెండో సర్వేకు డబ్బు మొదటి టెండరులోనే పెట్టాలి. లేకపోతే అది ఎప్పటికీ జరగదు.