యానాంలో బీచ్ ఎక్కడుందండీ?

ఇప్పుడే ఇంకో ప్యాకేజీ ప్రకటన కళ్ళబడింది. "కాకినాడ, కోరంగి, యానాం బీచ్. సగం రోజులో!" అట. యానాంలో బీచ్ ఎక్కడుందండీ? ఊరి ముందున్నది గౌతమీ గోదావరి. సముద్రం ఇంకో 9 కిలోమీటర్లు పోవాలి. పిల్లలకి ఇసకలో ఆటలని ఆశపెట్టి తెచ్చి, గట్టు మీద ఫోటో తీయించి, పావుగంటలో మళ్ళీ బస్సెక్కిస్తున్నారు.

కోరంగి మడ అడవి దగ్గర ఇంకా అన్యాయం. పోటు మీదుంటేనే కాలవలో పడవ సాగుతుంది. ఆ సంగతి కనుక్కోకుండా మిట్టమధ్యాహ్నం దింపుతారు. నీళ్ళు తీసేసి ఉంటాయి, పడవ లేదంటారు, జనం తిట్టుకుంటూ వెనక్కొస్తారు. అదే ఆటు వేళ చెక్కబాట మీద నడిస్తే బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చిన మడచెట్ల వేళ్ళు కనిపిస్తాయి. ఆ చెట్టు ఊపిరి పీల్చేది వాటితోనే. వాటి మధ్య, కళ్ళు నెత్తిమీద పెట్టుకుని బురదలో గెంతే వేలెడంత చేపలు. పోటుకీ ఆటుకీ మధ్య సుమారు 6 గంటలు. ముందురోజు ఒక్క ఫోను చేసి వేళ అడిగితే పడవా దక్కుతుంది, నడకా దక్కుతుంది. అంత మాత్రం చెయ్యరు.

పైగా జనవరిలో "పులస భోజనం"! గోదారికి ఎర్రనీరు వచ్చాక, సముద్రంలోంచి ఏటికి ఎదురీదుకుంటూ వచ్చిన చేపే పులస. జూలై నుంచి సెప్టెంబరు దాకానే దాని కాలం. మిగతా రోజుల్లో వడ్డించేది సముద్రపు ఇలస. అసలు పులస పులుసంటే మట్టిదాకలో, సన్నసెగ మీద, బెండకాయలు వేసి కాచి, రాత్రంతా ఉంచి మర్నాడు తినాలి. ఆదరాబాదరా బస్సు ఆపిన అరగంటలో తినేది కాదు.

ఇంత జరిగినా చివరికి ఊరికి మిగిలే పేరు మందు. యానాం పుదుచ్చేరి కిందది, అక్కడ పన్ను తక్కువ కాబట్టి సీసాలు కొనుక్కుని, సరిహద్దు తనిఖీలో దొరికిపోయి, యానాన్ని తిడతారు. ఇది ఈనాటిది కాదు. 1929లో శారదా చట్టం వచ్చి ఆడపిల్ల పెళ్ళికి 14 ఏళ్ళు నిండాలంటే, మనవాళ్ళు పసిపిల్లల్ని వెంటబెట్టుకుని, ఆ చట్టం వర్తించని ఫ్రెంచి యానాం వచ్చి పెళ్ళిళ్ళు చేశారు. అప్పుడూ ఇప్పుడూ మన చట్టం తప్పించుకోడానికే మనకి యానాం కావాలి. 1723లో ఫ్రెంచివాళ్ళు దిగిన ఊరనీ, 1954 నవంబరు 1న మన దేశంలో కలిసిందనీ, 30 చదరపు కిలోమీటర్ల ఈ తెలుగు నేలకి రాజధాని 800 కిలోమీటర్ల అవతల పుదుచ్చేరిలో ఉందనీ బస్సులో ఒక్కరైనా చెబుతున్నారా?

కాకినాడ నుంచి 30 కిలోమీటర్లే. పొద్దున 6కి బయలుదేరండి. పోటు వేళ చూసుకుని కోరంగి, ఎండ ముదిరాక ఫ్రెంచివాళ్ళ చర్చి, మీసాల వెంకన్న గుడి తెరిచే వేళకి దర్శనం. పొద్దు వాలేటప్పుడు ఎదుర్లంక వారధి మీదికి వెళ్ళి చూడండి, ఒకప్పుడు పంటు (బల్లకట్టు) మీద దాటిన గోదారి ఎంత వెడల్పో తెలుస్తుంది. ప్రకటనలో ఆ "బీచ్" అన్న మాట మాత్రం ఇవాళే తీసెయ్యండి.