ముగింపు అద్భుతం

ఈమధ్య ఏ పుస్తకం చదివారు అని ఎవరైనా అడిగితే నేను వెంటనే జవాబు చెప్పను. కళ్ళజోడు తీసి తుడుచుకుని, అయ్యకోనేరు నీళ్ళవైపు ఒకసారి చూసి, ఆ తర్వాత నెమ్మదిగా 'ఫలానాది మళ్ళీ చదువుతున్నానండీ' అంటాను. ఈ 'మళ్ళీ' అన్న మాట ఎంత గొప్పదంటే, మొదటిసారి ఎప్పుడు చదివావయ్యా అని విజయనగరంలో ఇంతవరకూ ఒక్కడూ అడగలేదు.

మేం అయిదుగురం. సాయంత్రం గట్టుమీద రెండు చుట్లు తిరిగి, గంటస్తంభం దాకా వచ్చి టీ తాగుతూ, ఊళ్ళో జనం ఏ పుస్తకాలు చదవాలో తేలుస్తుంటాం. గురజాడ తిరిగిన ఊరు, చాసో కథలు రాసిన ఊరు కాబట్టి ఈ బాధ్యత మాకు పుట్టుకతోనే వచ్చింది. చదివి అభిప్రాయం చెప్పడం ఎవడైనా చేస్తాడు. చదవకుండా చెప్పాలంటేనే బుర్ర ఉండాలి.

దానికి మా దగ్గర కొన్ని మాటలున్నాయి. 'రెండో సగం కాస్త సాగదీశాడు' అనేది ఏ పుస్తకానికైనా సరిపోతుంది, నేనొకసారి పంచాంగం గురించి అనేసినా ఎవరికీ తేడా కనబడలేదు. అనువాదమైతే మరీ సుఖం, 'మూలంలో ఉన్న రుచి రాలేదు' అంటే చాలు, మూలం ఏ భాషలో ఉందో కూడా తెలియక్కర్లేదు.

ఇక కన్యాశుల్కం సంగతి. దాన్ని అందరూ మెచ్చుకుంటారు కాబట్టి మేమూ మెచ్చుకుంటే మా గొప్పేముంది? 1892లో ఇక్కడే ఆడారు, 1897లో అచ్చయింది, 1909లో గురజాడ దాన్ని బాగా పెంచి తిరగరాశారు. జనం ఎరిగింది ఆ రెండోదే. అందుకని మాలో ఒకాయన, పొందూరు ఖద్దరు లాల్చీ తప్ప ఇంకోటి వేసుకోని మాస్టారు, 'నాకైతే మొదటి కూర్పే నచ్చింది' అంటారు. అంతే, ఇంకెవరం నోరెత్తలేం, మా ఎవరి దగ్గరా ఆ మొదటి కూర్పు లేదు. అలాగని ఆయన దగ్గర ఉందనీ కాదు.

కథలంటారా, కథల కోసమే కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో శ్రీకాకుళంలో కథానిలయం పెట్టారు. మేమూ వెళ్ళాం. పుస్తకాల మధ్య కూర్చుని చదువుతున్నట్టు ఫొటోలు దిగి, భోజనాల వేళకి బయటపడ్డాం. ఫొటోలో మావాడు అంత దీక్షగా చదువుతున్నది వచ్చినవాళ్ళు సంతకాలు పెట్టే రిజిస్టరని ఇంటికొచ్చాక తెలిసింది. ఫొటో మాత్రం బాగా వచ్చింది.

నా తప్పు ఒకటుంది, అదీ చెప్పేస్తాను. నేనూ ఒకసారి సరదాకి చదివాను. పెళ్ళికని ఆమదాలవలస వెళ్తూ, పాత పుస్తకాల్లో దొరికిన ఓ డిటెక్టివ్ నవలకి న్యూస్‌పేపరు అట్ట వేసి మరీ పాసింజరులో తెరిచాను. చీపురుపల్లి ఎప్పుడు పోయిందో, సిగడాం ఎప్పుడొచ్చిందో తెలీదు. హంతకుడెవడో తేలి తలెత్తేసరికి నేను దిగాల్సిన స్టేషన్ దాటిపోయి బండి ఉర్లాంలో ఆగి ఉంది. ముహూర్తం పోయింది, భోజనంలో గారెలు అయిపోయాయి. ఎందుకు లేటయిందని అడిగితే బండి లేటన్నాను. నా జన్మలో నేను ధైర్యంగా ఎవరికైనా ఇవ్వగలిగిన పుస్తకం అదొక్కటే, ఇంతవరకూ దాని పేరు ఎవరికీ చెప్పలేదు. గంటస్తంభం దగ్గర ఇంకో పది కాలాలపాటు టీ తాగాల్సినవాణ్ణి కదా.

మా ఆవిడకి ఈ బాధలేవీ లేవు. లైబ్రరీ నుంచి తెచ్చుకుని, కుక్కరు కూతలు లెక్కపెట్టుకుంటూ చదివేస్తుంది. ఎలా ఉందని అడిగితే 'బాగుంది, ఆ అత్తగారు మాత్రం నాకు నచ్చలేదు' అంటుంది. దీన్ని విమర్శ అంటారా? శిల్పం లేదు, నేపథ్యం లేదు, ఆఖరికి సాగదీయడం కూడా లేదు.

కిందటి వారం మాస్టారు ఉన్నట్టుండి గురజాడ కొండుభట్టీయం ఎత్తుకున్నారు. 'కన్యాశుల్కం పక్కనపెట్టండి, కొండుభట్టీయం ముగింపు అద్భుతం' అన్నారు. మేం నలుగురం తలలూపాం. నేను కాస్త ఎక్కువే ఊపాను, 'ఆ ముగింపు ఇంకెవరి వల్లా కాదండీ' అని కూడా కలిపాను.

ఆ ఉత్సాహంలో ఇంటికొచ్చి మా ఆవిడతో అదే మాటంటే, చదువుదామని ఆవిడ గురజాడ రచనల సంపుటం తెచ్చుకుంది. రెండోరోజు రాత్రి వంటింట్లోంచి కేకేసింది.

"ఏవండీ, ఇదేటండీ మధ్యలో ఆగిపోయింది? పేజీలు ఊడిపోయాయేటో చూడండి."

చూశాను. పేజీలు ఊడలేదు. ఆ నాటకాన్ని గురజాడ పూర్తి చెయ్యలేదట. 1915లో ఆయన పోయారు, అది అలాగే ఉండిపోయింది.

"మరి ముగింపు అద్భుతమన్నారు?" అంది మా ఆవిడ. పుస్తకాలు చదివితే వచ్చే నష్టం ఇదే. నిన్నటిదాకా మా ఇంట్లో ఎంత ప్రశాంతంగా ఉండేది!

రాత్రంతా నిద్రపట్టలేదు. చెప్పేస్తే మాస్టారి పరువు పోతుంది, ఆయనతోపాటు అందరికంటే ఎక్కువ ఊపిన నా తలా పోతుంది. చెప్పకపోతే మా ఆవిడ ఎప్పుడో ఏ పెళ్ళిలోనో మాస్టారి భార్య దగ్గర అనేస్తుంది. మర్నాడు సాయంత్రం గట్టు దిగి గంటస్తంభం దగ్గరికొచ్చాక, గ్లాసు చేతిలో పట్టుకుని, వీలైనంత మర్యాదగా కదిపాను.

"మాస్టారూ, ఆ కొండుభట్టీయం ముగింపు... కొంచెం తొందరపడ్డారేమో అనిపించింది నాకు."

ఆయన కాసేపు ఆలోచించారు.

"నిజమేనండీ. ఇంకో రెండు పేజీలు ఉండాల్సింది."

ఆరోజు అందరి టీ డబ్బులూ ఆయనే ఇచ్చారు.