వలయాలు ఇరవై, ఓటర్లు వెయ్యి

కొవిడ్ వేళ ఎన్నికలు ఎలా జరపాలో కేంద్ర ఎన్నికల సంఘం 2020 ఆగస్టు 21న మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ ఏడాది బిహార్ శాసనసభ ఎన్నికలు, నవంబరు 3న దుబ్బాక ఉప ఎన్నిక వాటి ప్రకారమే జరిగాయి. గుమ్మం దగ్గర థర్మల్ స్కానర్, ఓటరు చేతికి గ్లవుజు, నేలమీద ఆరడుగులకొక వలయం. వీటిలో ఏది పనికొచ్చింది, ఏది రాలేదన్న లెక్క తేల్చుకోవాల్సింది ఇప్పుడే. మరో మహమ్మారి వచ్చిపడ్డాక అంత తీరిక ఉండదు.

మంచి నిర్ణయం ఒకటుంది. ఒక్కో పోలింగ్ కేంద్రానికి గరిష్ఠంగా 1,500 మంది ఓటర్లుండే పద్ధతిని మార్చి, వెయ్యికి కుదించారు. అయినా క్యూ లెక్క కుదరలేదు. వెయ్యిమందిలో 700 మంది వచ్చి, ఉదయం 7 నుంచి సాయంత్రం 6 దాకా సమానంగా విడిపోతే గంటకు 64 మంది. కానీ జనం అలా రారు. ఎండ ముదరకముందే ఓటేసి పనికి పోవాలని చూస్తారు. తొలి రెండు గంటల్లో 250 మంది వచ్చారనుకుందాం. పేరు చూడటం, సంతకం, సిరా, చీటీ, ఆపై యంత్రం దగ్గర వీవీప్యాట్ కాగితం కనిపించే ఏడు సెకన్లు అన్నీ కలిపి నిమిషానికొకరు చొప్పున కదిలితే 120 మంది ఓటేస్తారు. ఇంకా 130 మంది మిగులుతారు. ఆరడుగుల దూరమంటే వారి వరుస 780 అడుగులు. మార్గదర్శకాలు గీయమన్న వలయాలు పదిహేను, ఇరవై మందికే. ఇరవై ఒకటో మనిషి నుంచి దూరం పాటించడం ఎవరి బాధ్యతా కాకుండా పోయింది.

దీనికి మందు ఓటరు చీటీలోనే ఉంది. బీఎల్వోలు (బూత్ స్థాయి అధికారులు) ఇంటింటికీ పంచే ఆ చీటీ మీద, జాబితాలోని వరుస సంఖ్యను బట్టి, ఫలానా గంటల మధ్య వస్తే మేలని ముద్రించాలి. ఆ వేళ తప్పినవారిని వెనక్కి పంపకూడదు. అది సూచన మాత్రమే, షరతు కాదు. సగం మంది పాటించినా ఉదయపు రద్దీ బాగా పలచబడుతుంది.

థర్మల్ స్కానర్ మీద పెట్టుకున్న నమ్మకం అతి. జ్వరం రాకముందే వైరస్‌ను అంటించేవారు ఉంటారు. ఎండలో నిలబడి వచ్చినవారి నుదురేమో జబ్బు లేకున్నా వేడిగా ఉంటుంది. అందుకే వేడి ఎక్కువని తేలినవారిని రెండోసారి నీడలో, కాసేపు కూర్చోబెట్టి చూడాలి. అసలు చూడాల్సింది గదిలో గాలి. ఓటు గోప్యత పేరిట కిటికీలు మూసేయడం మన కేంద్రాల్లో మామూలే. కిటికీ లేని గోడ వైపు ఓటింగ్ అరను జరిపితే గోప్యతా ఉంటుంది, ఎదురెదురు కిటికీలూ తెరుచుకుంటాయి. ఫ్యాను గాలి బయటికి పోయేలా కిటికీ వైపు తిప్పి పెట్టాలి. గుర్తింపు కోసం మాస్కు దించమనేది గదిలో కాదు, వరండాలో. దించినంతసేపూ మాట్లాడించకూడదు.

శానిటైజర్‌తోనూ చిక్కులున్నాయి. తడి చేతిమీద వేసిన సిరా సరిగా పట్టదు. ఆరకముందే తుడుచుకుంటే గుర్తు మసకబారుతుంది. 2020 డిసెంబరు 1న గ్రేటర్ హైదరాబాద్ ఎన్నికల్లోలా బ్యాలెట్ పత్రాలు వాడినప్పుడైతే నష్టం మరింత. తడి వేలు తగిలి స్వస్తిక్ ముద్ర పక్క గుర్తు మీదికి పాకితే ఓటు చెల్లకపోయే ప్రమాదముంది. కాబట్టి శానిటైజర్ సీసా గేటు దగ్గరే ఉండాలి, గదిలోకి వచ్చేసరికి చెయ్యి పొడిగా ఉండాలి. ఈవీఎం మీద ద్రవాన్ని నేరుగా చల్లడం ఎట్టి పరిస్థితిలోనూ కూడదు.

అన్నిటికన్నా పెద్ద అన్యాయం రోగికి జరిగింది. కొవిడ్ సోకినవారికి పోస్టల్ బ్యాలెట్ ఇచ్చారు. కానీ దాన్ని కోరే 12డి దరఖాస్తు నోటిఫికేషన్ వచ్చిన ఐదు రోజుల్లోపు అందాలన్నారు. నామినేషన్లు, ఉపసంహరణ, ప్రచారం ముగిసి పోలింగ్ వచ్చేసరికి మూడు వారాలు దాటుతుంది. ఐదో రోజున ఆరోగ్యంగా ఉండి, ఇరవయ్యో రోజున జబ్బుపడినవారికి మిగిలింది పోలింగ్ చివరి గంటే. జ్వరంతో, ఆటో ఎక్కించుకునే దిక్కులేక, వారు కేంద్రానికి ఎలా చేరాలి? 2020 డిసెంబరు స్థానిక ఎన్నికల్లో కేరళ మెరుగైన దారి చూపింది. పోలింగ్ ముందురోజు మధ్యాహ్నం 3 గంటల దాకా పాజిటివ్‌గా తేలినవారిని ప్రత్యేక ఓటర్లుగా జాబితాలో చేర్చి, సిబ్బందిని బ్యాలెట్‌తో ఇళ్లకు పంపింది. ఆ తర్వాత తేలినవారికే చివరి గంట.

సిబ్బంది ప్రాణాల మాట కూడా ఉంది. 2021 ఏప్రిల్‌లో ఉత్తరప్రదేశ్ పంచాయతీ ఎన్నికల విధులకు వెళ్లి 1,600 మందికి పైగా ఉపాధ్యాయులు, విద్యాశాఖ ఉద్యోగులు మరణించారని అక్కడి ఉపాధ్యాయ సంఘం జాబితా ఇచ్చింది. ప్రభుత్వం తొలుత ఒప్పుకున్నది ముగ్గురినే. అదే నెల 17న తెలంగాణలో నాగార్జునసాగర్ శాసనసభ ఉప ఎన్నిక పోలింగ్ జరిగింది. మూడు రోజుల ముందు, 14న, ఆ నియోజకవర్గంలోని హాలియాలో భారీ బహిరంగ సభ పెట్టారు. పోలింగ్ కేంద్రంలో ఆరడుగుల దూరం అడిగేవారు సభా మైదానంలో ఎందుకు అడగలేదు?

ఎన్నికల నిర్వహణ నియమాలు, 1961ను ఎన్నికల సంఘాన్ని సంప్రదించి కేంద్ర ప్రభుత్వం సవరించవచ్చు. ఎనభై ఏళ్లు దాటినవారికి 2019లో ఇంటినుంచి ఓటు ఇచ్చింది అలాగే. అంటువ్యాధి ప్రకటించిన కాలంలో 12డి గడువు పోలింగ్ ముందురోజు దాకా ఉండేలా ఆ నియమాలను ఇప్పుడే సవరించాలి. స్థానిక ఎన్నికలకు అదే వెసులుబాటును ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు తమ చట్టాల్లో కల్పించాలి.