సారె మంచానికి ఈ-వే బిల్లు

శ్రీకాకుళం జిల్లాలో పెళ్లీడుకొచ్చిన పిల్లలున్న తల్లిదండ్రులకు ముందుగా ఒక విన్నపం. జాతకాలు తర్వాత చూడొచ్చు, ముందు మ్యాపు చూడండి. అబ్బాయిది పాతపట్నం, అమ్మాయిది గీత అవతల ఒడిశాలోని పర్లాకిమిడి అయితే దాన్ని సంబంధం అనకండి, అంతర్రాష్ట్ర వాణిజ్యం అనండి. చూడాల్సిన వాళ్లు ఇప్పటికే అలా చూస్తున్నారు.

ఈ రెండు ఊళ్ల మధ్య ప్రయాణం ఆటో డ్రైవరు ఫోన్లో మాట్లాడ్డం ముగించేలోగా అయిపోతుంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడేదాకా ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాయే. (ఆ తేదీని ఎంచుకున్నవాళ్ల నిజాయితీకి దండం పెట్టాలి.) పర్లాకిమిడిని అటు కలపొద్దని గట్టిగా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు ఆ ఏడే ఊరొదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. పంతులుగారు వెళ్లారు గానీ మేనరికాలు ఎక్కడికీ వెళ్లలేదు. మేనత్త అటు, మేనకోడలు ఇటు, ఇద్దరికీ మొక్కు మాత్రం పాతపట్నం నీలమణి దుర్గమ్మకే. అమ్మవారు ఇంతవరకూ ఎవరినీ నివాస ధ్రువపత్రం అడగలేదు. పరిపాలన అనుభవం లేక కాబోలు.

సరే, పెళ్లయింది. సారె బయల్దేరింది. టాటా ఏస్‌లో టేకు మంచం, పరుపు, స్టీలు బీరువా, ఫ్రిజ్, మిక్సీ, ఇత్తడి బిందెలు, అరిసెల డబ్బాలు, లడ్డూల బుట్ట, పరుపు మీద ఒక పెద్దమ్మ. 3000 కిలోల లోపు బండి కాబట్టి మోటారు వాహనాల చట్టం ప్రకారం దానికి పర్మిట్ అక్కర్లేదు. ఆ సంగతి ఎవరో చెప్పగా పిల్ల మేనమామ ధీమాగా ముందు సీట్లో కూర్చుంటాడు. నిజమే, బండికి అక్కర్లేదు. కాగితం కావలసింది మంచానికి.

2017 జూలై 1న జీఎస్టీ రావడంతో వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు ఎత్తేశారు. గేటు పోయింది, దాని బదులు జీపొచ్చింది. గేటయితే ఎక్కడుందో తెలిసేది, జీపు ఏ మలుపులో ఉంటుందో తెలీదు. నిబంధన చూస్తే తేలికే. సరుకు విలువ రూ. 50,000 దాటితే ఈ-వే బిల్లు, అంటే ఆన్‌లైన్లో తీసే సరుకు రవాణా పత్రం, ఉండాలి. కొన్నిటికి మినహాయింపుంది. ఆ జాబితాలో ఇంటి సామాను కూడా ఉంది, కానీ అది వాడినదై ఉండాలి. దేశంలో ఏ తండ్రీ కూతురికి వాడిన మంచం సారె పెట్టడన్న సంగతి నిబంధన రాసినవారికి తట్టలేదు.

రాత్రి పదకొండుకి రోడ్డు పక్కన ఆపి టార్చి వేశారనుకుందాం.

“ఈ మంచం వాడిందా?”

“ఏటండి బాబూ ఆ మాట! ముహూర్తం రేపు రాత్రండి!”

“అయితే కొత్తదే. ఈ-వే బిల్లేది?”

మేనమామకు చట్టం అప్పుడు బోధపడుతుంది. వాడలేదంటే పన్ను, వాడిందంటే పరువు. కాసేపు నక్షత్రాల వైపు చూసి, గొంతు తగ్గించి, “పోనీ వాడిందేనని రాసుకోండి సారూ” అంటాడు. ఎవరు వాడారని ప్రశ్న. దీనికి జవాబు చెప్తే పెళ్లి పెటాకులే. అప్పుడు పరుపు మీంచి పెద్దమ్మ తల బయటపెట్టి, “నానే తొంగున్నాను బాబూ, మజ్జానం కూసింత కునుకు తీసినాను, నా పేరే రాసుకో” అని కుటుంబ గౌరవాన్ని కాపాడుతుంది. అధికారి నిబంధనల్లో వెతుకుతాడు. ఎన్ని కునుకులు తీస్తే వస్తువు వాడినదవుతుందో అందులో లేదు. పెద్దమ్మ పడుకున్నది పరుపు మీద గనక అది పన్నుల లెక్కలో సరుకులకిచ్చే హెచ్ఎస్ఎన్ కోడ్ 9404 కిందికి వస్తుంది, మంచం 9403. పరుపుకి మినహాయింపు ఇచ్చినా మంచానికి ఇవ్వడం కుదరదు. ఫ్రిజ్ 8418, అందులో ఎవరూ తొంగోలేదు.

ఇక బీరువా దగ్గరికి వద్దాం. అదే జాబితాలో నగలకు మినహాయింపు ఉంది. పది తులాల బంగారానికి ఈ-వే బిల్లు అక్కర్లేదు, అది పెట్టుకునే ఇనప బీరువాకు కావాలి. లోపలున్న సరుకు దర్జాగా సరిహద్దు దాటిపోతుంది, రేకు మాత్రం రోడ్డు మీద నిలబడుతుంది.

చట్టాన్ని పూర్తిగా చదివినవారు ఇక్కడ అడ్డం పడతారని తెలుసు. రిజిస్ట్రేషన్ లేని మామూలు మనిషి తన సామాను తానే తీసుకెళ్తుంటే ఈ-వే బిల్లు తప్పనిసరి కాదు, ఇష్టమైతే తీసుకోవచ్చు. అక్షరాలా నిజం. కానీ షాపు నుంచి నేరుగా ఎక్కించిన సరుకైతే పూచీ షాపుదే, బిల్లు తప్పనిసరి. మన బండిలో ఉన్నది షాపు సరుకా, ఇంటి సరుకా తేల్చేది టార్చి పట్టుకున్నవారు. తేడా వస్తే లెక్క ఇది: లక్ష రూపాయల సామానుకి 18 శాతం చొప్పున పన్ను 18,000, దాని మీద 200 శాతం జరిమానా 36,000. ఆ డబ్బుతో రెండో మంచం కొనొచ్చు. 36,000 మంచానికైతే ఈ-వే బిల్లు కూడా అక్కర్లేదు.

అందుకని బుద్ధిమంతుడైన వియ్యంకుడు ముందే పోర్టల్లో కూర్చుంటాడు. సామాన్య పౌరులకు ప్రత్యేక దారి ఉంది, జీఎస్టీ నంబరు అడిగినచోట యూఆర్‌పీ (రిజిస్ట్రేషన్ లేని మనిషి) అని కొట్టాలి. రెండో భాగంలో బండి నంబరు. దారిలో టైరు పేలి సామాను వేరే బండిలోకి మారిస్తే ఆ నంబరు మళ్లీ ఎక్కించాలి. 200 కిలోమీటర్ల దాకా ఒక రోజు గడువిస్తారు, మనకి అది ఎక్కువే. అసలు చిక్కు సరుకు ఎందుకు తరలిస్తున్నారన్న గడి దగ్గర. సప్లయి, ఎగుమతి, జాబ్ వర్క్, లైన్ సేల్స్, సొంత వాడకం, ఎగ్జిబిషన్, ఇతరములు. కూతుర్ని కాపురానికి పంపడం ఇందులో ఏది? సప్లయి అంటే ఆడపడుచులు ఊరుకోరు. సొంత వాడకం అందామంటే వాడేది తండ్రి కాదు. సారెను వీధిలో పరిచి ఇంటింటికీ చూపించే మన అలవాటును బట్టి ఎగ్జిబిషన్ అన్నదే సత్యానికి దగ్గర. కానీ ఎగ్జిబిషన్ సరుకు వెనక్కి రావాలి, ఆ మాట శుభమా అని పెళ్లి చేసి అనకూడదు. ఇతరములు నొక్కండి.

బిల్లులు బీరువాలో పెట్టి తాళం వేయకండి. తాళంచెవి పెళ్లికూతురి కొంగున ఉంటుంది, ఆవిడ ముందు కార్లో ఎప్పుడో వెళ్లిపోయి ఉంటుంది.

అల్లుడి బైకు సంగతి రెండు ముక్కల్లో. మామగారు ముచ్చటపడి అక్కడే కొనిచ్చారు గనక ఓడీ 20 నంబరు. వేరే రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంచితే ఇక్కడి నంబరు వేయించుకోవాలని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 47. అక్కడ ఫారం 28తో ఎన్‌వోసీ (నిరభ్యంతర పత్రం) తేవాలి, ఛాసిస్ నంబరుకి పెన్సిల్ ముద్ర తీయాలి, ఇక్కడ ఫారం 27, మళ్లీ లైఫ్ ట్యాక్స్. అక్కడ కట్టిన ట్యాక్సులో మిగులు వాపసు కోసం అక్కడే మరో అర్జీ. రోజూ పొద్దున్నే టిఫిన్‌కి పర్లాకిమిడి వెళ్లొచ్చే బైకు 12 నెలలు ఇక్కడే ఉందని ఎలా అంటారని అల్లుడి వాదన. వాదనలో పస ఉంది, టిఫిన్ బిల్లులు దాచుకోవాలి. ఏ రాష్ట్రంలోనైనా చెల్లే భారత్ సిరీస్ నంబరు 2021లో వచ్చింది. ప్రభుత్వ ఉద్యోగులకు, నాలుగు అంతకంటే ఎక్కువ రాష్ట్రాల్లో ఆఫీసులున్న కంపెనీల ఉద్యోగులకు ఇస్తారు. మన అల్లుడిలాంటి జీడిపప్పు వ్యాపారికి నాలుగు రాష్ట్రాల్లో బాకీలుంటాయి గానీ ఆఫీసులుండవు.

రేషన్ కార్డు దగ్గర దంపతులకు తత్వం వంటబడుతుంది. కొత్త కోడలి పేరు అత్తింటి కార్డులో ఎక్కాలంటే పుట్టింటి కార్డులోంచి తీసేసి ఉండాలి. ఆధార్ ఒక్కటే కదా, రెండు చోట్ల ఉంటే కంప్యూటరు పట్టేస్తుంది. తీసేసినట్టు కాగితం తెమ్మంటారు ఇక్కడ సచివాలయంలో. అక్కడ ఎక్కిస్తున్నట్టు కాగితం తెస్తే తీసేస్తామంటారు అక్కడ. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు అని ఒక పథకం ఉంది, ఆంధ్ర, తెలంగాణ 2019లోనే మొదలుపెట్టాయి. జాతీయ ఆహార భద్రత చట్టం కింద ఇచ్చిన కార్డయితే ఆవిడ తన 5 కిలోలు ఇక్కడి డిపోలో వేలిముద్ర వేసి తీసుకోవచ్చు. కార్డు ఆ రాష్ట్రం సొంతదైతే అదీ లేదు. పెళ్లి నమోదు పత్రం కూడా తీసి ఉంచుకోండి. అందులో పేరు ఆధార్‌లో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. అటువైపు తీసిన ఆధార్‌లో మన వరలక్ష్మి బరలక్ష్మి అయి ఉండొచ్చు, పెళ్లికి ముందే చూసుకోండి.

ఇదంతా చదివి ప్రభుత్వాలకు సరిహద్దు ప్రజలంటే పట్టదని అపోహ పడకండి. కొటియా వెళ్లి చూడండి. సాలూరు పైన కొండల్లో 21 ఊళ్లు. మావంటే మావని 1968 నుంచి సుప్రీంకోర్టులో తగవు. 2021లో ఆంధ్ర అక్కడ పంచాయతీ ఎన్నికలు పెట్టిందని విజయనగరం కలెక్టరు మీద ఒడిశా ధిక్కార పిటిషన్ వేసింది. ఆ ఊళ్లలో అటు కార్డు, ఇటు కార్డు, అటు పింఛను, ఇటు పింఛను. అక్కడెవరూ తొలగింపు కాగితం అడగరు, కంప్యూటరు కూడా మర్యాదగా కళ్లు మూసుకుంటుంది. భూమి తగాదాలో ఉంటే మనిషికి రెండు ప్రభుత్వాలు. మనిషి పెళ్లి చేసుకుని దాటితే ఒక్కటీ లేదు.

ఇక నవ్వడానికి లేని విషయం.

ఒడిశా వైపు గజపతి జిల్లా గుమ్మ బ్లాకులో సవర తెగ పిల్ల. మెళియాపుట్టి మండలంలో సవర పిల్లాడు. అదే భాష, అవే కొండలు. ఒడిశా షెడ్యూల్డ్ తెగల జాబితాలో సవర ఉంది. ఆంధ్ర జాబితాలో సవర, కాపు సవర, మాలియ సవర, ఖుట్టో సవర అని నాలుగు రకాలుగా ఉంది. పెళ్లయి ఇటొచ్చిన మర్నాటి నుంచి ఆ పిల్ల ఆంధ్ర లెక్కలో గిరిజనురాలు కాదు. రాజ్యాంగం 342వ అధికరణం ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం జాబితా అంది. ఒక రాష్ట్రపు హోదా ఇంకో రాష్ట్రంలో చెల్లదని 1990లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది, ఏ రాష్ట్రంలోని వెనుకబాటు ఆ రాష్ట్రానిదే అంది. కులం, తెగ పుట్టుకతో వచ్చేవి గనక భర్త పత్రంతోనూ పని జరగదు. అధికారులు కావాలంటే వలస వచ్చినవారి పత్రం ఇస్తారు. కేంద్ర ఉద్యోగాలకు అది పనికొస్తుంది. ఆ గూడెంలో కేంద్ర ఉద్యోగాలు ఎక్కడున్నాయో కూడా పత్రం వెనక రాసిస్తే బాగుండేది.

ఆ గూడెంలో ఉన్నది ఒక అంగన్‌వాడీ పోస్టు. వివాహిత అయి ఉండాలి, ఆ ఊరి కోడలై ఉండాలి, పదో తరగతి ప్యాసై ఉండాలి. అన్నీ ఉన్నాయి. పోస్టు ఎస్టీకి రిజర్వు. అంతే, తలుపు మూశారు. పెళ్లయి ఇక్కడికొస్తేనే అర్హత అన్నదీ వీళ్లే, పెళ్లయి ఇక్కడికొచ్చావు గనక అర్హత లేదన్నదీ వీళ్లే. గనులకు, డ్యాములకు ఆ కొండల్లో ఏ గీతా అడ్డం రాలేదే! బియ్యం లారీ దాటుతుంది, గ్రానైటు లారీ దాటుతుంది. కట్టెల మోపు మోసుకుని పెరిగిన ఆడపిల్ల పేదరికం మాత్రం వాగు దాటగానే కొట్టుకుపోయిందా? ఏ తూకంతో తూచారు? ఆ రాత రాసిన మనిషి ఆ గూడేనికి ఒక్కసారైనా నడిచి ఎక్కాడా? 1950 ఒప్పందం పుణ్యమా అని నేపాల్ కోడలు రక్సౌల్ దగ్గర పాస్‌పోర్టు, వీసా లేకుండా కాపురానికి వచ్చేస్తుంది. తన సొంత కొండకి అవతలి వాలు నుంచి ఇవతలి వాలుకి వచ్చిన సవర పిల్లను మాత్రం పరాయి రాష్ట్రందానివంటాం. సిగ్గుండాలి.

అన్నీ ఆగిపోతాయని కాదు, ఏ అడ్డూ లేకుండా సరిహద్దు దాటేది ఒకటుంది. 2022 ఆగస్టు నుంచి ఓటు మార్చుకోవడానికి ఫారం 8 ఒక్కటే చాలు, రాష్ట్రం మారినా అదే. పాతచోట తీసేసినట్టు ముందుగా కాగితం తెమ్మనరు, ఆ సంగతి వాళ్లే చూసుకుంటారు. ఎన్నికల ముందయితే మీరు వెళ్లనక్కర్లేదు, బూత్ అధికారి ఇంటికే వస్తారు. ఆయన వెనకాలే రెండు పార్టీల కుర్రాళ్లు వస్తారు. ఫొటో ఒకటి సిద్ధంగా ఉంచుకోండి.