నాడి లెక్కపెట్టే ఆ నిమిషం

రోగి మణికట్టు మీద వేళ్లు ఆనించి, వాచీ చూస్తూ నిమిషం పాటు నాడి లెక్కపెట్టడం నర్సింగ్ మొదటి ఏడాదిలోనే నేర్పుతారు. శ్వాస లెక్క ఇంకా కష్టం. తనను గమనిస్తున్నారని తెలిస్తే రోగి ఊపిరి తీరే మారిపోతుంది. అందుకే నాడి చూస్తున్నట్టే చెయ్యి పట్టుకుని, ఛాతీ కదలికను లెక్కించాలి. అర్ధరాత్రి దాటాక రెండింటి దాకా రీల్స్ చూసి పొద్దున్నే వార్డుకొచ్చిన విద్యార్థినికి ఆ ఒక్క నిమిషమే చాలా పొడుగ్గా అనిపిస్తుంది.

విజయవాడ, గుంటూరు నర్సింగ్ విద్యార్థుల ఇంటర్నెట్ వ్యసనం గురించి మేం ఇంతగా ఆందోళన పడేది ఇందుకే. 500 మిల్లీలీటర్ల సెలైన్ 4 గంటల్లో ఎక్కాలంటే, మిల్లీలీటరుకు 20 చుక్కలు పడే సెలైన్ గొట్టం సెట్‌తో నిమిషానికి దాదాపు 42 చుక్కలు పడాలి. గుండె జబ్బున్న ముసలాయనకు అది 60 అయితే ప్రాణం మీదికి రావచ్చు. ఆ చుక్కలు చూసే కళ్లకు నిద్ర ఉండాలి.

ఎక్కువసేపు ఫోన్ చూసినంత మాత్రాన వ్యసనం కాదు. ఆపేద్దామనుకున్నా ఆపలేకపోవడం, నిద్రా చదువూ పాడవుతున్నాయని తెలిసీ మానలేకపోవడం, ఫోన్ చేతిలో లేకపోతే చిరాకు, టెన్షన్... ఇవీ గుర్తులు. అమెరికా మనస్తత్వవేత్త కింబర్లీ యంగ్ 1998లో ఇచ్చిన 20 ప్రశ్నల పరీక్షను నేటికీ వాడుతున్నారు. 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణలో గేమింగ్ రుగ్మతకు చోటుంది గానీ ఇంటర్నెట్ వ్యసనానికి విడిగా లేదు. జాబితాలో పేరు లేదని బాధ లేకుండా పోదు. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2014లోనే ఇలాంటివారి కోసం ప్రత్యేక క్లినిక్ తెరిచింది.

మరి ఏం చేయాలి? రాత్రి కాగానే హాస్టల్‌లో ఫోన్లు లాక్కుని బీరువాలో పెట్టడమే పరిష్కారం అనుకునేవాళ్లున్నారు. మేం ఒప్పుకోం. క్లాసు నోట్సు, డ్యూటీ మార్పు, పరీక్ష తేదీ అన్నీ వాట్సాప్‌లో పంపుతూ, ఫోన్ ముట్టుకోవద్దనడం న్యాయం కాదు. పల్నాడు, ప్రకాశం పల్లెల నుంచి వచ్చిన పిల్లకు రాత్రిపూట అమ్మ గొంతు వినిపించేదీ ఆ ఫోన్‌లోనే.

ఆ పిల్ల వయసు పద్దెనిమిదో, పందొమ్మిదో. పొద్దున తాను మందులిచ్చిన మనిషి సాయంత్రానికి చనిపోయాడు. శవాన్ని తుడిచి, గుడ్డ కప్పింది. ఇంట్లో వాళ్లు భయపడతారని చెప్పదు. హాస్టల్‌కొచ్చి రికార్డు రాసి, తొమ్మిదింటికి ఫోన్ తెరుస్తుంది. వరసగా వచ్చే వీడియోలు ఆ ముఖాన్ని కాసేపు మరపిస్తాయి. మర్నాడూ అంతే. అది అలవాటై, అలవాటు వ్యసనమైతే, తప్పంతా ఆ పిల్లదేనా? వార్డులో మొదటి చావు చూసిన రోజు ఆమె పక్కన కూర్చుని పది నిమిషాలు మాట్లాడే పెద్దదిక్కు ఎవరైనా ఉన్నారా?

ఎవరితోనైనా చెప్పుకోమనడం తేలిక. ఇంటర్నల్ మార్కులు వేసే టీచర్ దగ్గరికెళ్లి ‘నేను ఫోన్ వదల్లేకపోతున్నాను మేడం’ అని ఏ విద్యార్థిని చెబుతుంది? అందుకే కౌన్సెలర్ కళాశాల బోధనా సిబ్బందిలో ఉండకూడదు. నర్సింగ్ కళాశాలలకు అనుబంధ గుర్తింపు ఇచ్చే విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం ఈ ఒక్క షరతు కచ్చితంగా పెట్టాలని కోరుతున్నాం. ఆ 20 ప్రశ్నల పరీక్షను ఏటా నిర్వహించి, ఫలితం విద్యార్థికీ కౌన్సెలర్‌కీ తప్ప ఎవరికీ తెలియకుండా చూడాలి. నైట్ డ్యూటీ దిగిన పిల్లను తొమ్మిదింటికి క్లాసులో కూర్చోబెట్టడం ఆపాలి. ఈలోగా ప్రతి హాస్టల్ మెట్ల దగ్గర కేంద్రం నడిపే ఉచిత మానసిక సహాయ నంబరు 14416ను పెద్ద అక్షరాలతో రాయించవచ్చు. దానికి ఏ సర్క్యులర్ కోసమూ ఎదురుచూడక్కర్లేదు.