సవరణ: అగ్నిమాపక సిబ్బందికి క్యాన్సర్ పరీక్షలు
అగ్నిమాపక వృత్తి వల్ల ఏడు రకాల క్యాన్సర్లు వస్తాయని రుజువైందనీ, వాటన్నిటినీ ఏటా చేసే పరీక్షలతో ముందే పట్టుకోవచ్చనీ గత వ్యాసంలో రాశాను. ఆ రెండు మాటలూ తప్పు. 2022 జూన్‌లో ఫ్రాన్స్‌లోని లియాన్‌లో సమావేశమైన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ నిపుణులు ఈ వృత్తిని 2బి వర్గం (క్యాన్సర్ కారకం కావచ్చు అనేవి) నుంచి ఒకటో వర్గానికి, అంటే క్యాన్సర్ కారకమని నిర్ధారణ అయినవాటిలోకి మార్చినప్పటికీ, తగినంత ఆధారం ఉందన్నది మీసోథీలియోమా (ఊపిరితిత్తుల వంటి అవయవాల చుట్టూ ఉండే పొరకు వచ్చే క్యాన్సర్), మూత్రాశయ క్యాన్సర్ల విషయంలోనే. పెద్దపేగు, ప్రొస్టేట్, వృషణ క్యాన్సర్లు, మెలనోమా (ఒక రకం చర్మ క్యాన్సర్), నాన్-హాడ్జ్‌కిన్ లింఫోమా (శోషరస వ్యవస్థకు వచ్చే క్యాన్సర్)లకు ఆధారం పరిమితమేనన్నారు. బాధాకరమేమంటే, రుజువైన ఆ రెండింటికే, లక్షణాలు లేనివారిలో మరణాలను తగ్గిస్తుందని తేలిన స్క్రీనింగ్ పరీక్ష లేదు. కనుక మూత్రాశయ క్యాన్సర్‌కు సంకేతం కాగల రక్తం మూత్రంలో కనిపిస్తే, నొప్పి లేకపోయినా, అగ్నిమాపక సిబ్బంది వార్షిక పరీక్ష దాకా ఆగకుండా వెంటనే వైద్యుణ్ణి కలిసి, తాము చేసే ఉద్యోగమేమిటో కూడా తప్పక చెప్పాలి.